తెర ఎత్తిన రోజు

ఆ పొద్దున అతని చేతిలో ఉన్నవి లెక్కేస్తే మూడే.

ఒకటి, ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత. పదకొండేళ్లుగా వదిన చక్కెర డబ్బా మీద ఉన్నదాన్ని నిన్ననే ఊడదీసి తెచ్చుకున్నాడు. రెండు, సాయంత్రం నాలుగు గంటల దాకా గడువు. మూడు, చొక్కా లోపలి జేబులో నాలుగు మడతల కాగితం. మొదటి రెండింటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మూడోది తనకొక్కడికే తెలుసు.

బజారులో అతన్ని శాంపిల్‌గారు అంటారు. జేబులో ఏదో ఒక నమూనా లేనిదే గడప దాటడు. నోటితో ఎంత చెప్పినా తెగని బేరం, వస్తువు అరచేతిలో పెడితే తెగుతుందన్నది ఇరవై ఏళ్లుగా అతని పద్ధతి. ఈ రోజు జేబులో ఉన్నది మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టబుద్ధి కావడం లేదు.

"చింపేశారా?" అంది వదిన వంటింటి గుమ్మంలోంచి.

"చింపేశాను," అన్నాడు అన్నయ్య.

లాయరమ్మ పంపిన వాంగ్మూలం బల్ల మీద నాలుగు ముక్కలై ఉంది. అచ్చుల మేస్త్రి చెయ్యి అది. చింపడంలో కూడా కొలత తప్పలేదు. నాలుగు ముక్కలూ సమానంగా, అంచులు కలిపి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

నిన్నటి నుంచి అన్నయ్య కంచం ముందు కూర్చోలేదు. ఆయన కూర్చోలేదని వదిన పొయ్యి వెలిగించలేదు. వాళ్లిద్దరి పట్టుదలల మధ్య శాంపిల్‌గారికి కాఫీ చుక్క కూడా పుట్టలేదు. భార్య పోయిన దగ్గర్నుంచి అతని తిండీ తిప్పలూ వదిన చేతి మీదే నడుస్తున్నాయి.

"ఒక్క సంతకం, అన్నయ్యా."

"సంతకం ఒక్కటే. దాని పైన ఉన్న అబద్ధం కూడా ఒక్కటే. చదివావా? 'మా వర్క్‌షాపుకు కొనుగోలుదారులు వచ్చి ఈ యంత్రాన్ని చూసేవారు' అట. ఎవరొచ్చారు? ఎవరు చూశారు?"

"మాటవరసకు రాశారు. ఆ రోజుల్లో ఎవరో ఒకరు వచ్చే ఉంటారు కదా."

"వచ్చారు. తెర ఇవతల నిలబడి వెళ్లారు. యంత్రానికి అడ్డంగా ఆ గోనె తెర నేను దగ్గరుండి కుట్టించాను. దాన్ని దాటి ఈగ కూడా లోపలికి పోలేదు."

"ఈగలు ఎలాగూ సాక్ష్యం చెప్పవు," అంది వదిన. "మనుషుల సంగతి చూడండి."

"మనుషుల్లో చూసింది మేమిద్దరం కాక ఇంకొక్కడు. వాడు చూసింది కూడా అవతలివాళ్లకు మోసుకుపోవడానికే."

వదిన చేతిలో గిన్నె ఆగిపోయింది.

ఆ ఒక్కడు ఆమె తమ్ముడు. ఈ వర్క్‌షాపులోనే ఫిట్టరుగా పనిచేసినవాడు. పదేళ్ల కిందట అన్నయ్య అతని పనిముట్ల పెట్టె తీసుకెళ్లి వీధిలో పెట్టాడు. ఆ పెట్టె ఎత్తుకుని వెళ్లినవాడు మళ్లీ ఈ వైపు రాలేదు. వదిన ఆ వైపు పోలేదు.

"మనిషిని గెంటారు, సరే," అంది ఆమె. "పేరు కూడా ఎత్తొద్దన్నారు, ఎత్తలేదు. ఇంకా ఏం మిగిలిందని రోజూ తవ్వుతారు?"

అన్నయ్య బల్ల మీది ముక్కల అంచులు మళ్లీ సరిచేశాడు. ఆమె లోపలికి వెళ్లింది. గిన్నెను మాత్రం కింద పెట్టిన చప్పుడు రాలేదు. చప్పుడు చేస్తే బాగుండుననిపించింది శాంపిల్‌గారికి.

గొడవకు మూలం అరచేతంత ఇత్తడి పలక. మర మూతలు పోసే యంత్రంలో చిక్కంతా చివర్లో వస్తుంది. మూత లోపల మరలు పడాలంటే అచ్చు లోపలి ముక్కకూ మరలుండాలి. ప్లాస్టిక్ గట్టిపడ్డాక ఆ ముక్కను తిప్పి బయటికి తీయాలి. ఒకప్పుడు మనిషి కూర్చుని ఒక్కో మూతనూ చేత్తో తిప్పి తీసేవాడు. అన్నయ్య ఏడు నెలలు కుస్తీ పట్టి ఇత్తడి పలక మీద ఒక వంపు గాడి చెక్కాడు. అచ్చు తెరుచుకునే ఊపుకే ఆ గాడి లోపలి ముక్కను తిప్పుతుంది. మొదట మెల్లగా, మూత పట్టు వదిలాక వడిగా. మరలు చెదరవు. మూత దానంతటదే ఊడి కింద పడుతుంది.

ఆ గాడి మీద ఒక పెద్ద కంపెనీ పేటెంటు తీసుకుంది. రెండేళ్ల కిందట నోటీసు పంపింది, మీ ఆరు యంత్రాలూ ఆపేయండని. అది మీ దరఖాస్తుకు ముందే మా దగ్గర ఉంది, ఆ పేటెంటు చెల్లదు అని అన్నదమ్ములు పేటెంటు ఆఫీసుకు వెళ్లారు. ఓడారు. అన్నయ్య కొలతలు రాసుకున్న నోటుబుక్కు చూపిస్తే, అది మీ ఇంటి కాగితమే తప్ప లోకానికి తెలిసిన పని కాదు పొమ్మన్నారు. వచ్చే వారం అప్పీలు విచారణ. కొత్త సాక్ష్యం ఏదైనా ఉంటే ఈ సాయంత్రం నాలుగింటి లోపల పెట్టుకోవాలి. ఓడితే ఆరు యంత్రాలూ ఆగుతాయి. పద్నాలుగు మంది పనివాళ్లు చేతులు తుడుచుకుని ఇంటికి పోతారు.

"పద, అన్నయ్యా. ఆ ముక్కలు తీసుకునే పద. మాటేదో లాయరమ్మ ముందే తేల్చుకుందాం," అన్నాడు.

వెళ్లొస్తామన్న మాటకు వదిన తల కూడా ఎత్తలేదు.

లాయరమ్మ గది మూడో అంతస్తులో ఉంది. రెండు గోడలకు ఫైళ్లు, మూడో గోడకు కిటికీ, మధ్యలో బల్ల. ఆమె ముక్కల్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"చాలా బాగా చింపారు మేస్త్రిగారూ. అతికించడానికి కూడా వీలుగా ఉంది."

"అతికించినా సంతకం పెట్టను మేడమ్."

"పెట్టొద్దు. మీకు నిజం కానిది నాకూ వద్దు. జడ్జీల ముందు నిలబడేది నేను." శాంపిల్‌గారు బల్ల మీద పెట్టిన మూతను ఆమె తిరగేసింది. "ఇది చెప్పండి."

మూత లోపలి వైపు చిన్న గడియారం గుర్తు ఉంది. చుట్టూ పన్నెండు అంకెలు, మధ్యలో సంవత్సరం, నెల చూపిస్తూ ఒక బాణం. అచ్చులోనే ఆ గుర్తు బిగించి ఉంటుంది. నెల మారిన మొదటి రోజున అన్నయ్య స్క్రూడ్రైవరుతో ఆ బాణాన్ని ఒక అంకె ముందుకు తిప్పుతాడు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా రిక్షా ఎక్కి వచ్చి ఆ బాణం తిప్పి వెళ్లిన మనిషి.

"కంపెనీ దరఖాస్తుకు ఐదు నెలల ముందు," అన్నాడు అన్నయ్య. "ఆ గాడితో ఊడిన మొదటి మూత. ఏ అచ్చులోనైనా మొదటి ముక్క ఇంటికే ఇస్తాను."

"మూత పాతదని ఒప్పుకుంటారు. కానీ దీన్ని చేత్తో తిప్పి తీశారంటారు. గాడి ఉందని ఈ మూత చెప్పలేదు. మనిషే చెప్పాలి. ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

"ఒక ఫిట్టరు ఉండేవాడన్నారు?"

అన్నయ్య ముఖం బిగుసుకుంది. "వాడు ఇంటివాడే. అప్పటికి."

"అయితే పనికిరాడు. మీ దగ్గర పనిచేసేవాడు చూస్తే దాచిన వస్తువును చూసినట్టే. బయటివాడు కావాలి. ఎవరికీ చెప్పనని మీకు మాట ఇవ్వని వాడు." ఆమె కలానికి మూత పెట్టింది. "మీ తెర ఎంత గట్టిదైతే మీ కేసు అంత డొల్ల, మేస్త్రిగారూ. దాచుకున్నంత కాలం అది మీ ఇంట్లో ఉన్నట్టే. లోకంలో ఉన్నట్టు కాదు."

"అంటే, నేను జాగ్రత్తపడ్డందుకు ఓడిపోతానా?"

"చట్టం లెక్కలో అంతే."

 అన్నయ్య లేచాడు. "అయితే ఓడిపోదాం. లేనిది ఉందనలేను."

శాంపిల్‌గారు కుర్చీలోనే ఉన్నాడు. ఇరవై ఏళ్లలో చేసిన బేరాలన్నింటిలోనూ అతనికి ఒక అలవాటుంది. నోరు తెరిచే ముందు రెండు వైపులా తూచుకుంటాడు. ఇప్పుడూ తూచాడు. నోరు మూసుకుంటే యంత్రాలు పోతాయి, తను మిగులుతాడు. వదిన చేతి కాఫీ మిగులుతుంది. "మా మరిది లేకపోతే ఈ ఇల్లు నడవదు" అని ఆమె ఇరుగుపొరుగుతో అనే మాట మిగులుతుంది. నోరు తెరిస్తే అవన్నీ పోతాయి. ఈ తూకం నిన్నటి నుంచి ఎన్నిసార్లు వేశాడో. ప్రతిసారీ తన వైపే మొగ్గింది.

అన్నయ్య తలుపు దాకా వెళ్లి, చెప్పుల కోసం వంగాడు. వంగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అరవై దాటిన నడుము.

"అన్నయ్యా, ఆగు."

జీవితంలో మొదటిసారి శాంపిల్‌గారు వెనకా ముందూ మాట లేకుండా జేబులోంచి నమూనా తీశాడు. కాగితం అన్నయ్య అరచేతిలో పెట్టాడు.

సీసాలాయన ఇచ్చిన వాంగ్మూలం అది. ఒకప్పుడు వీళ్ల దగ్గర మూతలు కొనే సీసాల వ్యాపారి. నిన్న మధ్యాహ్నం శాంపిల్‌గారు ఆయన ఇంటికి వెళ్లి రాయించుకొచ్చాడు. "నువ్వే కదయ్యా తెర ఎత్తి చూపించావు, ఇప్పుడు నన్నడుగుతావేం" అని ఆ ముసలాయన నవ్వుతూనే సంతకం పెట్టాడు.

అన్నయ్య నిలబడే చదివాడు. మెల్లగా, కొలబద్ద మీద గీతలు చదివినట్టు.

"'నేనూ, నాతో వచ్చిన ఒక ఇంజనీరూ వర్క్‌షాపుకు వెళ్లాము. తమ్ముడుగారు గోనె తెర ఎత్తి యంత్రం నడిపి చూపించారు. ఇత్తడి పలక బయటికి తీసి గాడిలో మా వేలు పెట్టించారు. వేడి మూత నా అరచేతిలో పెట్టారు. ఎవరికీ చెప్పవద్దని అనలేదు.'"

మొదటికి వచ్చి మళ్లీ చదివాడు. లాయరమ్మ ఇద్దరినీ చూస్తోంది.

"ఏ రోజు?"

"వదిన ఆపరేషన్ రోజు, వాళ్ల దరఖాస్తుకు ముందే. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు."

"తెర ఎత్తొద్దని నీతో ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు."

"మరి?"

"ఆయన పెద్ద ఆర్డరు ఇస్తానన్నాడన్నయ్యా. చూడందే ఇవ్వనన్నాడు. చూపించడం తప్ప నాకు వేరే విద్య ఏం వచ్చు?"

"ఆ ఇంజనీరు?"

"కంపెనీ మనిషని అప్పుడు తెలీదు. మరుసటి ఏడు వాళ్ల పేటెంటు కాగితం మీద పేరు చూసినప్పుడు తెలిసింది."

"తెలిసిన రోజే చెప్పొచ్చుగా."

"అప్పటికే నువ్వు వాడి పెట్టె వీధిలో పెట్టేశావు."

"తిరిగి లోపల పెట్టించడానికి ఎంతసేపు పట్టేదిరా?"

 కంపెనీ కూడా అదే గాడితో మూతలు తీస్తోందని బజారులో తెలిసిన రోజుల్లోనే ఆ ఫిట్టరు అక్కడ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. అనుమానం దానంతటదే వెళ్లి అతని మీద వాలింది. శాంపిల్‌గారు దాన్ని అటు తోలలేదు. వాలినదాన్ని లేపనూ లేదు.

లాయరమ్మ గొంతు సవరించుకుంది. "ఈ కాగితం ఉంటే అప్పీలు నిలబడుతుంది. బయటి మనుషులు ఇద్దరు చూశారు. గాడిని ముట్టుకున్నారు. దాచమని ఎవరూ అనలేదు. అవతలి ఇంజనీరే ఒకడు. మూత మీద నెల ఉంది. కానీ ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు? వాళ్లు మొదట అడిగేది అదే. ఏం రాయమంటారు?"

"భయపడ్డానని రాయండి," అన్నాడు శాంపిల్‌గారు.

"దేనికి?"

"ఇంటికి."

ఆమె అలాగే రాసింది.  అన్నయ్య తిరిగొచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, ఒకటి అడుగుతాను. గెలిస్తే ఈ గాడి నాదని రాస్తారా?"

"రాయరు. వాళ్లది కాదని రాస్తారు."

"మరి ఎవరిది?"

"ఎవరిదీ కాదు. ఎవరైనా చేసుకోవచ్చు."

అన్నయ్య తన చేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఏళ్లనాటి మసి. "ఏడు నెలలు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తర్వాత, "నేనెక్కడ సంతకం పెట్టాలి?"

"మీకు తెలిసినంత వరకే మీరు రాయండి."

ఆయన రాసింది మూడే వాక్యాలు. యంత్రం నేను చేశాను. తెర నేను కట్టాను. నేను లేనప్పుడు నా తమ్ముడు దాన్ని ఎత్తాడని ఈ రోజే తెలిసింది. చివరి వాక్యం కింద సంతకం పెట్టి, కలం బల్ల అంచుకు సమానంగా పెట్టాడు.

ఆఫీసులో కాగితాలు ఇచ్చి ముద్ర వేయించుకునేసరికి పావు తక్కువ నాలుగు. అన్నదమ్ములు మెట్లు దిగి బజారు మీదుగా ఇంటి వైపు నడిచారు. నడకలో ఎప్పుడూ పక్కన ఉండే అన్నయ్య ఈసారి నాలుగడుగులు ముందున్నాడు. ఇంటి మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అక్కడ పెట్టిన సంతకం నాది. ఇంట్లో చెప్పాల్సిన మాట నీది. నేను బయట అరుగు మీద కూర్చుంటాను."

వదిన పొయ్యి వెలిగించింది. ఎంత కోపంలో ఉన్నా మగవాళ్లు పని మీద వెళ్లొచ్చే వేళకు వంట చేసే ఉంచుతుంది. చక్కెర డబ్బా నోటికి గుడ్డ కట్టి ఉంది.

"నా మూత ఏది?" అంది అతన్ని చూడగానే.

"ఆఫీసులో ఇచ్చేశాం. సాక్ష్యంగా."

"చీమలు పడుతున్నాయి. వాటిని కూడా సాక్ష్యానికి తీసుకెళ్లాల్సింది." ఒక కంచం పెట్టి, "మీ అన్నయ్య రాలేదేం? సంతకం పెట్టారా?" అంది.

"పెట్టాడు. వదినా, కూర్చో. ఒక మాట చెప్పాలి."

"నిలబడే వింటాను. చెప్పు."

నిలబడే విన్నది. అతను దాచకుండా చెప్పాడు. సీసాలాయన, ఇంజనీరు, తెర, పలక, వేడి మూత. ఏ రోజో కూడా చెప్పాడు. ఏ సరుకునైనా అమ్మేటప్పుడు లోపం చివర చెప్పడం అతని వృత్తి ధర్మం. ఈసారి లోపం ముందే చెప్పాడు. ఆ తర్వాత చెప్పడానికి ఏ మంచీ మిగల్లేదు.

వదిన వంగి పొయ్యి ఆర్పింది.

"నాకు ఆపరేషన్ అయిన రోజు," అంది. "మత్తు దిగాక వాంతులయ్యాయి. అప్పుడు నా తల ఎవరు పట్టుకున్నారో తెలుసా?"

"తెలుసు."

"నా తమ్ముడు. పొద్దున ఆరింటి నుంచి మంచం పక్కనే ఉన్నాడు. మీ అన్నయ్య మందుల కోసం వెళ్లినా వాడు కదల్లేదు. ఆ రోజే జరిగిందని నాకు తెలిసుంటే, ఈ ఒక్క ముక్క చాలేది. వాడు నా దగ్గర ఉన్నాడు అని. అంతే. ఆ ముక్క చెప్పడానికి నాకు పదేళ్లు ఎవరూ ఆ తేదీ చెప్పలేదు."

"వదినా..."

"ఆగు. వాడు వెళ్లిపోయిన ఏడే కదా మీ ఆవిడ పోయింది? నీకు ఇల్లు ఖాళీ అయిపోయిందని, నాకు తమ్ముడి లోటు కూడా తీరుతుందని, నీ కంచం ఇక్కడ పెట్టుకున్నాను. వాడి చోటులో." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "ఎలా తిన్నావయ్యా?"

అతను కంచం వైపు చూడలేకపోయాడు. ఆమె దాన్ని తీసేయలేదు. వడ్డించనూ లేదు.

అరుగు మీద అన్నయ్య దగ్గు వినిపించింది.

"వాడి నెంబరు నా దగ్గర లేదు," అంది వదిన. "ఉంటే ఫోను చేస్తానేమోనని మీ అన్నయ్య అది రాసుకున్న కాగితం చించేశారు. నీ దగ్గర ఉందా?"

ఉంది. ఊళ్లో ఉన్న ప్రతి మనిషి నెంబరూ అతని దగ్గర ఉంటుంది. అది అతని వ్యాపారం. పదేళ్లలో మూడు ఫోన్లు మారాయి. ప్రతిసారీ ఆ నెంబరును కూడా కొత్త ఫోనులోకి ఎక్కించుకున్నాడు. ఒక్కసారీ నొక్కలేదు.

నొక్కి, ఫోను ఆమె వైపు చాచాడు. ఆమె అందుకోలేదు.

"నువ్వే మాట్లాడు. నేను వింటాను. పెద్దగా వినపడేలా పెట్టు."

బల్ల మీద, ఖాళీ కంచం పక్కన పెట్టాడు. ఫోను మోగుతోంది. అన్నయ్య అరుగు మీంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు.

అతను మనసులోనే ఆ రోజు లెక్క కట్టుకున్నాడు. పొద్దున చేతిలో ఉన్నవి మూడు. మూత పోయింది. కాగితం పోయింది. గడువు అయిపోయింది. బదులుగా ఆరు యంత్రాలకు వారం రోజుల ఆశ దొరికింది, అన్నయ్యకు తనది అనిపించుకోలేని గెలుపొకటి దొరకొచ్చు. తన వంతుకు ఏం వచ్చిందో ఇంకా తేలలేదు.

ఏడోసారికి అవతల ఎత్తారు.  ఆదరాబాదరాగా, భయంగా, ఒక మగ గొంతు.

"చిన్నబావా? అక్కకేమైనా అయిందా?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదేళ్ల తర్వాత కూడా ఆ తమ్ముడి ఫోనులో శాంపిల్‌గారి నెంబరు చెరగలేదు. ఇచ్చినవన్నీ పోగా ఆ రోజుకు శాంపిల్‌గారికి దక్కింది అదొక్కటే: తను దొంగను చేసి ఊరుకున్న మనిషి నోట ఇంకా మిగిలున్న 'బావా' అన్న ఆ వరస. అది మిగులుతుందో పోతుందో ఇప్పుడు చెప్పబోయే మొదటి మాట మీద ఉంది.

అతను ఫోను మీదికి వంగాడు.